అచ్చుకును బొమ్మకును నడుమ

వినాయకచవితికి ముందునాటి సాయంకాలమున పత్రి కొనుటకై ఇటీవల బజారునకు పోయినప్పుడు, మారేడు, ఉమ్మెత్త, గరిక రాసులుగా పోసికొన్న స్త్రీలును, వెలగకాయల బుట్టలవారును, మొక్కజొన్న పొత్తులవారును, రంగుకాగితపు గొడుగులవారును ఎవరి తావున వారు యథాప్రకారముగ కూర్చుండియున్నను, వారందరి నడుమ ఒక చోటు వెలితిగా నున్నట్లు తోచినది. కొంతసేపు నిలిచి చూచినమీదటగాని ఆ వెలితి యేమో తెలియలేదు. తడిగోనె క్రింద మట్టిముద్ద నుంచుకొని, ఒడిలో చెక్క అచ్చు పెట్టుకొని, అడిగినవారికి అడిగినంతలో వినాయకుని తీసి యిచ్చు కుమ్మరి అక్కడ లేడు. విగ్రహములకు కొదువ లేదు. మిలమిలలాడు రంగులతో, ఒక్కటే ముఖముతో, బల్లలపై బారులు తీరియున్నవి. మట్టివి సైతము కొన్ని యున్నవి. అవి యెక్కడనో యంత్రముచే నొత్తబడి అట్టపెట్టెలలో దిగినవి. మన కన్నులయెదుట మట్టి దేవుడగు ఆ కొలదిపాటి పని మాత్రము బజారునుండి లేచిపోయినది.

దానితోపాటు లేచిపోయినది మరియొకటి కలదు. అచ్చునుగూర్చి తలచువారు కొందరైన నుందురు. దానినిగూర్చి తలచువారు లేరు. అది చిటికెడు బూడిద.

* * *

ఆ కుమ్మరి మా వీధి పిల్లలందరికిని తాతయే. తరతరముల చేతులు పట్టి పట్టి అతని అచ్చు నల్లబడి నునుపుదేరియుండెడిది. అచ్చులోని గుంటయందు ఒకవైపునకు తిరిగి కనబడు తొండము, వెలుపలికి వచ్చిన బొమ్మలో రెండవవైపునకు తిరిగియుండుట మాకు ప్రతియేటను క్రొత్త వింతయే. పిడకల బూడిదను పలుచని బట్టతో జల్లించి, పాతపంచె ముక్కలో నిమ్మకాయంత మూట కట్టి, ఆ మూటను తాత తన ప్రక్కనున్న కుంపటికి సమీపమున నుంచెడివాడు. భాద్రపదమాసపు గాలిలో చెమ్మ హెచ్చు. చెమ్మ పీల్చిన బూడిద ముద్దగట్టి, తాను విడదీయవలసిన మట్టితోనే చెలిమి చేయును.

పని ఆరంభించునప్పుడు అచ్చును పొడిగుడ్డతో తుడిచి, మూటను దానిపై రెండుమారులు తట్టెడివాడు. లేచిన తెల్లని ధూళి అణగువరకు ఆగి, అచ్చును బోరగిలద్రిప్పి, వెనుకతట్టున వ్రేలికణుపుతో నొకదెబ్బ కొట్టెడివాడు. నిలువని బూడిద రాలిపోవును. నిలిచినది నల్లని చెక్కపై సన్నని పాలిపోయిన ఛాయగా మాత్రమే కానవచ్చును. అప్పుడు మట్టిని చిన్నముద్దగా తీసి, బొటనవ్రేలితో ముందు తొండపు చాలులోనికిని, పిదప చెవులలోనికిని, ఆపైన బొజ్జలోనికిని అదిమి, తక్కిన గుంటను పెద్దముద్దతో నింపి, వీపున మిగిలిన మట్టిని బిగించిపట్టిన దారముతో కోసివేసెడివాడు. అచ్చును అరచేతిపై బోర్లించి తట్టినప్పుడు ‘టప్’మను పొడిచప్పుడు వినబడెనా, వినాయకుడు చెవులతో, దంతముతో, వ్రేళ్లతో సంపూర్ణముగా అరచేతిలోనికి దిగినట్లే. చప్పుడు మెత్తగా పలికిన, తాత ముఖము చిట్లించి, చూడకయే మట్టిని గీకి మరల ముద్దలో కలిపివేసెడివాడు.

బూడిద యెందుకని పిల్లలలో నెవరో యొకరు ఏటేట అడుగుచునే యుండెడివారు. అతని సమాధానము మారెడిది కాదు.

“మట్టికి చెక్కంటే మా చెడ్డ ఇష్టం బాబూ! మధ్యన ఇది లేదనుకో, సామి అచ్చులోనే కాపరం పెట్టేస్తాడు.”

బూడిద హెచ్చయినను చిక్కే. అది తొండపు మడతలలోను చేతివ్రేళ్ల సందులలోను పేరుకొని, బొమ్మ అరిగిపోయిన నాణెమువలె ముఖము లేనిదగును. తక్కువైనచో చెవి యొకటి అచ్చులోనే మిగులును. ఈ రెంటి నడిమి ప్రమాణమునకు కొలతపాత్ర లేదు. మూటను తట్టు మణికట్టునకే అది తెలియును. వెలుపలికి వచ్చిన బొమ్మపై ఆ పలుచని పొర మట్టిలోని తేమను త్రాగి క్షణములో మాయమగును. తాత రెండు గురువిందగింజలను కన్నులుగా నద్ది, బొమ్మను తమలపాకంత అట్టముక్కపై నిలిపి యిచ్చెడివాడు. ఇంటికి కొనిపోయిన బొమ్మపై బూడిద జాడ ఎవరికిని కనబడెడిది కాదు.

* * *

ఏటిగట్టు వెంబడి ఇటుకలు కోయు కాలము వేరు. అది పంటలు ఇండ్లకు చేరినపిమ్మట వచ్చెడిది. అక్కడ బూడిదకు బదులు ఇసుకయో నీరో పనిచేసెడివి. కొందరు అచ్చును ప్రతి ఇటుకకును నీళ్లతొట్టిలో ముంచి తీసెడివారు. మరికొందరు తడి అచ్చులో పొడి ఇసుక చల్లి, అటునిటు దొర్లించి, మిగులు దులిపివేసెడివారు. నీళ్ల అచ్చునుండి వచ్చిన ఇటుక అంచులు మొద్దుబారి, మూలలు జారియుండును. ఇసుక అచ్చునుండి వచ్చినది అంచులు సూటిగా, పైచర్మము గరుకుగా, సున్నము పట్టుటకు అనువుగా నుండును. మేస్త్రీలు ఇటుకను చేతబట్టి త్రిప్పి చూచినంతనే అది యే పద్ధతిని కోసినదో చెప్పగలిగెడివారు.

ఆ చప్పుళ్లు నేటికిని నాకు విడివిడిగా జ్ఞాపకమున్నవి. ముద్దను తలపైకెత్తి అచ్చులోనికి విసరినప్పుడు ‘ధబ్బు’మని యొకటి, పైన మిగిలిన మట్టిని చెక్కతో గీచినప్పుడు ‘సర్రు’మని యొకటి, అచ్చును నిలువుగా పైకి లాగినప్పుడు, ఇసుక తన పని తాను చేసియుండిన, వినీ వినబడని యొక నిట్టూర్పు. మగవాడు కోయుచుండ ఆడుది మట్టి యందించెడిది; పిల్లలు నిన్నటి ఇటుకలను అంచులపై నిలువబెట్టి ఆరవేసెడివారు. 9 అంగుళముల ఇటుక కావలెనన్న అచ్చు 9 అంగుళములు ఉండరాదు. ఆరి, కాలి, మట్టి కుంచించుకొనును గనుక, అచ్చును ప్రతివైపునను ఇంచుమించు పదవవంతు పెద్దదిగా చేయవలెను. ఈ లెక్క పుస్తకములలో నున్నది. ఏ రేవు ఇసుక అచ్చునుండి చక్కగా జారునో, ఏది ఉప్పుచెమ్మ పట్టి మొరాయించునో పుస్తకములలో లేదు.

ఈ చిత్రమును ఇంతటితో నాపిన అది అసత్యమగును. ఆ కుటుంబములలో పెక్కింటికి పని మొదలుకాకమునుపే బయానా ముట్టియుండెడిది. కోసిన వేల ఇటుకలు ఆ అప్పులోనికే జమయగుచుండెడివి. నాడు అంచులపై ఇటుకలు నిలిపిన పిల్లలు బడి మొగమెరుగరు. ఏటిగట్టు సొగసును తలచుకొను హక్కు, ఎండలో నిలిచి చూచి యింటికి పోయిన మావంటివారికి కొంత తక్కువయే.

* * *

పెండ్లిసారెలో పంచదార చిలకలు లేకున్న వియ్యాలవారు మూతి ముడుచుకొను రోజు లుండెడివి. ఆ చిలకలకును చెక్క అచ్చులే. అయితే ఇవి రెండు దళములుగా నుండి, ఒకదానిపై నొకటి కూర్చి దారముతో బిగించి కట్టబడెడివి. మట్టికి పొడియే శరణ్యము కాగా, పాకమునకు తడి శరణ్యము. అచ్చులను వాడుకకు ముందు చాలసేపు నీటిలో నానవేసి, చెక్క త్రాగగలిగినంత నీరు త్రాగినపిమ్మట తీసి, పైతడి తుడిచి, అప్పుడు పాకము పోసెడివారు. తడిసిన చెక్క పాకమును తన రంధ్రములలోనికి రానీయదు. తొందరపడి సగము నానిన అచ్చులో పోసినచో చిలకకు ముక్కుండదు.

పాకపు పని మా దూరపు బంధువొకామెది. కాగుచున్న పంచదారలో పాలు చిలికి మడ్డిని తేర్చి, పాకమును గరిటెతో గిన్నె అంచునకేసి రుద్ది రుద్ది, అది తెల్లగా మసకబారిన తరుణమున ‘అచ్చు!’ అని ఒక్కమాట అనెడిది. అప్పటికి అచ్చులు తడి తుడిచి సిద్ధముగా నుండవలెను. ఒక్క గుక్కలో పోయుట; కొంచెము నిదానించుట; దారము విప్పుట; దళములు రెండుగా విడివడునప్పుడు ‘చిటుక్కు’మను చప్పుడు. తెల్లని చిలకను తడిబట్టపై పరుండబెట్టి, “దాని జోలికి పోకండర్రా, ఇంకా దానికి ఒళ్లు కుదుటపడలేదు” అని మమ్ము దూరముగా తరిమెడిది. తెలంగాణమున హోలీనాడు పిల్లల మెడలలో వ్రేలాడు చక్కెర పేర్లుకూడ అచ్చున పోసిన పాకమే.

వంటయింటిలో ఇట్టి విడుపు విద్యలు మరికొన్ని గలవు. గులాబిపువ్వులు చేయు ఇనుప అచ్చును ముందుగా కాగిన నూనెలో వేడెక్కనిచ్చి, పిండిలో అంచుమునుగకుండ ముప్పాతికవంతు మాత్రమే ముంచవలెను. అంచు మునిగెనా పిండి అచ్చును చుట్టుకొని పువ్వు విడువదు. గుడ్డపై వేసిన ఇడ్లీకి తడిగుడ్డయే విడుపు. కోనసీమలో పనసాకులను పుల్లలతో బుట్టగా కుట్టి పిండి పోసి వండు పొట్టిక్కలలో ఆకే అచ్చు, ఆకే విడుపు, ఆకే పరిమళము. ఆత్రేయపురమున పూతరేకులు తీయు స్త్రీలు బోర్లించిన కుండను మంటపై కాచి, నూనెగుడ్డతో తుడిచి, పలుచని పిండిలో ముంచిన గుడ్డను దానిపై నొక్కమారు లాగి, కాగితముకంటె పలుచనైన రేకును ఎత్తుదురు. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. అన్నియు నశించినవని విలపించుట తగదని చెప్పుటకు ఆ కుండయే చాలును.

* * *

కంచరివారి పోతపని చూచుటకు పిల్లలను రానిచ్చెడివారు కారు. కిటికీ యూచల సందునుండి చూచితిమి. చెమ్మ ఇసుకతో నింపిన పెట్టెలు రెండు. వాని నడుమ గంటయొక్కయో బిందెపిడియొక్కయో నమూనా. క్రింది పెట్టెలోని ఇసుకయు పై పెట్టెలోని ఇసుకయు ఒకే జాతివి గనుక, వానిని తాకించి దిమ్మిసచేసినంతనే రెండును ఏకమైపోవును. అట్లు కాకుండ, క్రిందిపెట్టెను నింపి చదునుచేసినపిమ్మట, మెత్తని బొగ్గుపొడియో ఇటుకపొడియో మూటగట్టి దానిపై విదిలించెడివారు. ‘దప్పు దప్పు’మని ఆ మూట చప్పుడు వీధిలోనికి వినబడెడిది, అది వినబడినదనగా ఇంకొంతసేపటికి ఇత్తడి కరుగునని అర్థము. తరువాత పైపెట్టెను నింపి ఎత్తినప్పుడు, సరిగా ఆ నల్లని గీతవెంబడి ఇసుక రెండుగా చీలి, నమూనా వెలుపలికి వచ్చెడిది. పల్చని మసిగీత యొకటి, మణుగుల ఇసుకను ఎక్కడ విడిపోవలెనో అక్కడనే విడిపోవునట్లు చేయుట ఆ కిటికీ యొద్ద నిలిచినంతకాలము నాకు ఆశ్చర్యముగనే యుండెడిది.

ఈ విద్యతో పనియే లేని పోతకూడ కలదు. ఆదిలాబాదు ప్రాంతపు ఓజ శిల్పులు మట్టిగుజ్జుపై మైనపు తీగలు చుట్టి బొమ్మను తీర్చి, దానిపై మరల మట్టి మెత్తి కాల్చుదురు. మైనము కరగి తొలగిన ఖాళీలో లోహము నిండును. పిదప అచ్చును పగులగొట్టుదురు. అక్కడ విడదీయుట యుండదు. ఒక్క బొమ్మకొరకు ఒక్క అచ్చు ప్రాణమిచ్చును. అదే అచ్చు రేపును, ఎల్లుండియు, మనుమల కాలమునను పనికిరావలెనని కోరుకొన్నవారికే బూడిద, నీరు, నూనె, మసి కావలసివచ్చినవి. అచ్చునకు ఆయుర్దాయము పోసినది ఆ పొరయే.

* * *

సంగారెడ్డి జిల్లా కొండాపురమున పురాతత్త్వవేత్త గులాం యజ్దానీ తవ్వించిన శాతవాహనుల కాలపు పట్టణమున, నాణెముల అచ్చులును, జంట అచ్చులలో నొత్తి తీసిన మట్టిబొమ్మలును బయటపడినవి. కేశబంధములు, ఆభరణములు అంత స్ఫుటముగా దిగిన ఆ బొమ్మలను చూచువారు శిల్పి నైపుణ్యమును మెచ్చుకొందురు. అచ్చు చెక్కినవానినిగూడ మెచ్చుకొనుట న్యాయమే. కాని ఆ జడపాయలు అచ్చులోనే మిగిలిపోకుండ వెలుపలికి వచ్చుటకు నడుమ నేదియో చల్లియో పూసియో యుండవలెను గదా! అచ్చు మిగిలినది, బొమ్మ మిగిలినది. రెంటికిని తగవు రాకుండ చూచిన ఆ మూడవది మిగులలేదు. అది మిగులకపోవుటయే దాని పనితనము. మిగిలియుండిన బొమ్మ చెడియుండెడిది.

కావుననే దానికి చరిత్ర లేదు. కుమ్మరి సామగ్రిని లెక్కవేయువారు సారె, సలప, అచ్చు అని వ్రాయుదురు గాని బూడిదమూట అని వ్రాయరు. కూలి లెక్కలోను అది రాదు. బూడిద పొయ్యిలోనిది, ఇసుక ఏటిలోనిది, నీరు బావిలోనిది. వెల లేని వస్తువులతో చేసిన పని గనుక, ఆ పనికే వెల లేదని లోకము తలచినది.

* * *

మార్పు మా పట్టణమునకు సబ్బురూపమున వచ్చినది. నాయకుల ప్రతిమలు చేయు శిల్పియొకడు రైలుకట్ట ప్రక్కన పాక వేసికొని, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పని మొదలుపెట్టెను. జిప్సమును సుమారు 150 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిని కాల్చగా దానియందలి నీటిలో ముప్పాతికవంతు పోయి ఆ పొడి మిగులును. నీరు కలిపినంతనే పోయిన నీటిని తిరిగి గ్రహించి నిమిషములలో రాయియగును. అచ్చును అదే, బొమ్మయు అదే యైనప్పుడు రెండును విడరానంతగా కలియును. అందుచే అతడు బట్టలసబ్బును కిరసనాయిలు డబ్బాలో నీటితో ఉడికించి, ఆ జిగటను అచ్చులోపల కుంచెతో పూసి, తుడిచి, మరల పూసి, రంధ్రములు మూసుకొని లోతట్టు మెరుగెక్కువరకు విసుగులేక రుద్దెడివాడు. అదియు ఒక విద్యయే. అతని సహాయకులు ఏండ్లతరబడి సబ్బు పూయుటతోనే గడిపిరి.

పిదప రబ్బరు అచ్చులు వచ్చినవి. చెక్క వంగదు, రబ్బరు వంగును. బొమ్మనుండి అచ్చును మేజోడువలె ఒలిచి తీయవచ్చును. ఆపైన వచ్చిన సిలికాను అచ్చు తనకు తాను తప్ప దాదాపు దేనికిని అంటదు. విడుపు పొరను పూయవలసిన పని మనుష్యుని చేతినుండి జారి, అచ్చు పదార్థముయొక్క స్వభావములోనికి ప్రవేశించినది. హైదరాబాదు ధూల్‌పేటలో ప్లాస్టరు గణపతులు అంతంత పెద్దవిగా, అన్నన్ని వెలువడుటకు ఈ అచ్చులు తోడ్పడినవి.

ఇందు లాభము లేదనువాడు ఆ పనిచేసినవాడు కాడు. మూటలనుండి లేచిన బొగ్గుపొడి, ఇసుకధూళి ఎందరి ఊపిరితిత్తులను తినివేసినదో కంచరివీధి దగ్గులే చెప్పెడివి. నాననిచ్చి ఆరనిచ్చిన చెక్క అచ్చు కొన్నియేండ్లకు బీటలువారును. ఇంటికొక అచ్చు చెక్కించుకొనుటకు కలిగినవారికే శక్యము. నేడు ఒక గృహిణి సిలికాను గిన్నెలో ఏ పూతయు లేక ముద్దుగా తినుబండారములు తీయుచున్నదన్న, ఆమెకు మిగిలిన సమయమును నేను చిన్నచూపు చూడజాలను. సారెకు పంచదార చిలకలు చేయలేక కన్నీరు పెట్టుకొన్న కన్నతల్లులను చూచినవాడను.

నష్టమును ఇంకొకచోట వెదకవలెను. బూడిద మట్టిలో కలిసిపోవును, ఇసుక ఇటుకలో కాలిపోవును, నీరు ఆవిరియగును. అచ్చునుండి విడిపించిన వస్తువేదియు లోకమునకు భారము కాలేదు. ప్లాస్టరు గణపతి అచ్చునుండి సులభముగా విడివడును గాని చెరువునీటిలో తొందరగా విడివడడు. ఈ సంగతి గ్రహించియే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో వెలువరించిన మార్గదర్శకములలో ప్లాస్టరు విగ్రహములను వలదన్నది. ఇప్పుడు ఊరూర మట్టి వినాయకులను పంచుచున్నారు. బడులలో పిల్లలచే చేయించుచున్నారు. సంతోషింపదగినదే. ఒక బడిలో అట్టి పనిని చూచితిని: మట్టి మంచిది, ప్లాస్టిక్ అచ్చులు క్రొత్తవి, పిల్లల యుత్సాహము అపారము, బొమ్మలకు మాత్రము చెవులు లేవు. ఉపాధ్యాయిని చాకుకొనతో మట్టిని త్రవ్వి తీయుచు, “ఈ అచ్చులే సరిగ్గా లేవండీ” అని నాతో ననినది. అచ్చులయందు దోషమేమియు లేదు.

మట్టిని తిరిగి తెచ్చుట సులభము. అది బండ్లకెత్తిన వచ్చును. మట్టితోపాటు రావలసిన మణికట్టు బండిపై రాదు. విగ్రహముల పంపకమునకు టెండర్లు పిలుచు కార్యాలయములు మట్టికి ఇంత, అచ్చునకు ఇంత, రవాణాకు ఇంత అని పద్దులు వ్రాయుచున్నవి. ఏ కుమ్మరివీధిలోనైనను బూడిదమూట తట్టుట యెరిగిన పెద్దలు ఇంకను ఒకరిద్దరుందురు. చవితికి నెలముందు వారిని బడికి పిలిచి, కుర్చీవేసి, పిల్లలకు ఆ పనిని నేర్పించి, అందుకు తగిన కూలిని పద్దులో వేరుగా వ్రాసి యిచ్చిన చాలును. ఇంతకాలము ఉచితముగా చేయించుకొన్న పనికి తొలిసారి ఒక వెల యేర్పడును.